కూలికి పోయిన దొర

మా నాయినను అందరూ దొర అనే పిలిచేవాళ్లు. బజారు వాళ్లు, ఆఫీసు వాళ్లు, బస్సు కండక్టరు, చివరికి సంతలో ఎండుచేపలు అమ్ముకునే ఆమె కూడా. పొద్దున లేచి, తలకు తువ్వాలు చుట్టి, పార భుజాన వేసుకుని ఆ దొర కూలికి పోయేవాడు. ఏం దొరతనమో మరి! చిన్నప్పుడు మా అమ్మను అడిగాను కూడా, దొర అయితే కూలికెందుకు పోవాలి అని. అమ్మ పొయ్యి ఊదుతూ, "పోకపోతే దొరసాని ఏం వండుతది?" అంది.

మేం కోయవాళ్లం. భద్రాచలం అడవి అంచున మా గూడెం. మైదానం నుంచి వచ్చినవాళ్లు మాలో మగమనిషి ఎవరు కనబడినా దొరా అంటారు, ఆడమనిషి కనబడితే దొరసాని అంటారు. పేరు అడిగే పని ఉండదు. ఒకప్పుడు ఈ కొండలూ వాగులూ మావే కాబట్టి అలా పిలవడం మొదలుపెట్టారని మా పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. కొండలు పోయాయి, పిలుపు మాత్రం మిగిలింది. పైసా ఖర్చు లేని మర్యాద అది. ఎంతమందికైనా పంచవచ్చు.

హాస్టల్లో చేరిన మొదటి వారమే మా వార్డెనమ్మ నా తలలో పేలు చూసింది. "ఏమ్మా దొరసానీ, మీ కోటలో దువ్వెన లేదా?" అంది అందరి ముందు. పిల్లలంతా పకపకా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మర్నాడు ఆమె దువ్వెన పట్టుకెళ్లి బావిలో పడేశాను. ఆ దువ్వెన కోసం ఆమె వారం రోజులు వెతికింది. ఇప్పటికీ నాకు అందులో తప్పు కనబడదు.

తర్వాత నర్సు చదువుకి ఖమ్మం పోయాను. అక్కడ ఈ పిలుపుకి ఇంకో మొహం ఉందని తెలిసింది. మా గదిలో కుసుమంచి వైపు నుంచి వచ్చిన పిల్ల ఒకతె ఉండేది. మా నాయినను దొర అంటారని చెబితే ఆమె మొహం మాడిపోయింది. "మా తాత దొర ఇంటి ముంగట చెప్పులు చేతిల పట్టుకొని నడిచిండు తెలుసా? మీరు గట్లాంటోళ్లా?" అంది. మా నాయిన కూలికి పోతాడని చెప్పాను. నమ్మలేదు. సెలవుల్లో మా గూడెం తీసుకొచ్చాను. మా నాయిన తడిక వాకిలి కట్టుకుంటున్నాడు. ఆ పిల్ల కాసేపు చూసి, "ఓయమ్మో, గిదేం దొరనే!" అని నోటి మీద చేయి వేసుకుంది. ఆ రాత్రికి మా ఇంట్లో అంబలి తాగి, మా అమ్మ పక్కనే పడుకుంది.

అదే ఖమ్మం బస్టాండు దగ్గర ఒకడు తలకు ఈకలు పెట్టుకుని, మెడలో పూసలు వేసుకుని, నేను కోయదొరను, చేయి చూస్తాను, వేర్లమందు ఇస్తాను అని కూర్చునేవాడు. ఒకరోజు వాడి దగ్గరకు పోయి మా భాషలో మీది ఏ ఊరు అని అడిగాను. వాడు బిక్కమొహం వేసి నా చేయి పట్టుకోబోయాడు. "నీకు గండం ఉంది తల్లీ" అన్నాడు. "గండం నీకుంది, లే ఇక్కణ్ణుంచి" అన్నాను. మా పేరు పెట్టుకుని వాడు బతుకుతున్నాడు. ఆ పేరుతో మేం బతకలేకపోతున్నామన్నదే నా కడుపుమంట.

ఇక అసలు సంగతి. నాయిన కూలికి పోయే పొలం ఒక ఆసామిది. వాళ్ల నాన్న కాలంలో కోస్తా నుంచి వచ్చి మా దగ్గర స్థిరపడ్డారు. మనిషి చెడ్డవాడని చెప్పలేను. జ్వరమొస్తే తన బండి మీద ఎక్కించుకుని దవాఖానాకు తీసుకుపోతాడు. పండగకు బట్టలు పెడతాడు. "ఏం దొరా, బాగున్నావా? నువ్వు లేకపోతే ఈ పొలం ఏమైపోవాలయ్యా!" అంటాడు. మా నాయిన ఆయనను అయ్యా అని, మీరు అని పిలిచేవాడు. ఆయన మా నాయినను దొరా అని, నువ్వు అని పిలిచేవాడు.

ఆ పొలం మా తాత దున్నిన నేలే. కరువు ఏడాది నాలుగు బస్తాల గింజలకు సాగు వాళ్ల చేతిలోకి పోయింది, మళ్లీ రాలేదు. మా ఏజెన్సీలో అడవిబిడ్డలు కానివాళ్ల పేరున భూమి ఉండకూడదని చట్టం. కాబట్టి కాగితాల్లో మా నాయిన పేరు అలాగే ఉంచేశారు. ఊళ్లో అందరికీ తెలుసు. ఆఫీసు వాళ్లకీ తెలుసు. కాగితం మీద భూమి నాయినది, పంట ఆసామిది, కూలి మళ్లీ నాయినది. మా ఇల్లు కూలిపోతే గవర్నమెంటు ఇల్లు అడగడానికి పోయాం. అక్కడ కుర్చీలో ఉన్నాయన కంప్యూటరు చూసి, "అంత భూమి పెట్టుకొని ఇల్లు అడుగుతావేంది దొరా? లేనోళ్లకు ఇయ్యాలె గదా" అన్నాడు. నాయిన దండం పెట్టి లేచాడు. బయటికొచ్చాక నేను చిందులు తొక్కాను. నిజం చెప్పు, నాకు సెంటు భూమి లేదని చెప్పు అన్నాను. నాయిన చెప్పులు వేసుకుంటూ, "ఉన్నదని రాసున్నది గద బిడ్డా" అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. కోపంలో పట్టించుకోలేదు కూడా.

మొన్నటి యాసంగిలో ఆసామి ఆ పొలంలో మొక్కజొన్న వేశాడు. కంకి పాలుపోసుకునే వేళకు అడవి పందులు పడటం మొదలైంది. ఆసామి పొలం చుట్టూ తీగ లాగి దానికి కరెంటు ఇచ్చాడు. సాయంత్రం తనే వచ్చి మోటారు షెడ్డులో స్విచ్ వేసేవాడు, తెల్లారకముందే వచ్చి తీసేసేవాడు. షెడ్డుకి తాళం. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది. "అయ్యా, అది ఇప్పపువ్వు ఏరేటోళ్లు నడిచే తోవ, తీగ వద్దు" అని నాయిన రెండు మూడుసార్లు చెప్పాడు. "పందికి తోవ తెలుసా దొరా? నువ్వు మీవాళ్లకి చెప్పు, పొద్దెక్కాక రమ్మను" అన్నాడు ఆయన. నాయిన గూడెంలో ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు.

ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఎండెక్కేదాకా ఆగితే పశువులు తినిపోతాయి. మా మేనత్త భర్త, అంటే మా మామ, రోజూ పొలం అంచున నిలబడి ఆసామి బండి చప్పుడు విని, అది తిరిగిపోయాక దాటేవాడు. ఆ రోజు పక్క తోవలో పోతున్న ఎవరిదో బండి చప్పుడు విని ఆసామిదే అనుకున్నాడు. ఆసామి ఆ రోజు రాలేదు. నేలకొండపల్లిలో చుట్టాల పెళ్లికి పోయి, మధ్యాహ్నానికి గానీ తిరిగి రాలేదు. ఎవరికీ చెప్పలేదు, తాళంచెవి ఎవరికీ ఇవ్వలేదు.

నేను సెలవు మీద ఇంట్లోనే ఉన్నాను. అరుపులు వినబడి పరుగెత్తాను. ఎవరో కర్రతో ఆయన్ను పక్కకు తోశారు. గుండె మీద చేతులు పెట్టి నొక్కాను, నోట్లోకి గాలి ఊదాను, చదువుకున్నదంతా చేశాను. ఏమీ మిగల్లేదు అక్కడ. మా అత్త గంప పట్టుకుని వెనకాల వస్తోంది. గంప కింద పడేసి వచ్చి నా భుజం పట్టుకుని, "ఊదు, ఇంకా ఊదు" అంటూనే ఉంది. ఊదుతూనే ఉన్నాను. ఆఖరికి మా నాయిన వచ్చి నన్ను లేపాడు.

పోలీసులు వచ్చి శవాన్ని పోస్టుమార్టానికి తీసుకుపోయారు. ఎంక్వయిరీకి మళ్లీ వస్తామన్నారు. ఆ సాయంత్రం ఆసామి మా ఇంటికి వచ్చాడు. ఇన్నేళ్లలో మా గడప లోపలికి రావడం అదే మొదలు. మంచం వేస్తే కూర్చోలేదు. నేల మీద కూర్చుని రెండు చేతులూ జోడించాడు. "దొరా, నువ్వే కాపాడాలి" అన్నాడు. నా ముప్పై ఏళ్ల బతుకులో దొరా అన్న మాటకు ఆయన చేతులు కూడా జోడించడం అప్పుడే చూశాను.

"కాగితాల్లో ఎటూ నీ పేరే ఉంది. పొలం నాదని నేనన్నాననుకో, గవర్నమెంటు లాగేసుకుంటుంది. నాకూ ఉండదు, నీకూ ఉండదు. నీదని చెప్పు. లాయరును నేను పెడతాను, బెయిలు నేను ఇప్పిస్తాను. మీ చెల్లెల్ని నా కూతురిలా చూసుకుంటాను. నీకు కేసంటే ఏముందయ్యా? అడవిమనిషివి, జాలి చూపిస్తారు."

"అయిపోయిందా మీ మాట? లేవండి ముందు" అన్నాను. నాయిన నన్ను చూసి చేయి అడ్డంగా ఊపాడు. ఆసామికి అవునని చెప్పలేదు, కాదని చెప్పలేదు. ఆయన పోయాక అమ్మ విరుచుకుపడింది. "తాళంచెవి ఎవని మొలకున్నదో ఊరంతా ఎరుగుదురు. సారు అడిగితే గదే చెప్పు. నువ్వు చెప్పకపోతే నీ చెల్లెలి మొహం ఎట్ల చూస్తవ్?" అంది. ఇంట్లో మేం కోయలోనే మాట్లాడుకుంటాం. నాయినకు కోపమొస్తే తెలుగులోకి వస్తాడు. ఆ రోజు ఏ భాషలోనూ మాట్లాడలేదు.

శవం తిరిగొచ్చింది. డోలు వాయించి వంశం కథ చెప్పేవాళ్లు వచ్చారు. చావుకీ దినానికీ వాళ్లు వచ్చి చెప్పాల్సిందే. మామ వాళ్ల గట్టు కథ, అంటే వాళ్ల వంశశాఖ కథ చెప్పి, పిల్లనిచ్చినవాళ్ల కథ కూడా చెబుతారు. అంటే మాది. మా మూలపురుషుడు రాజని, ఏ వాగు నుంచి ఏ గుట్ట దాకా ఏలాడో, ఎక్కడ నాగలి మొదట దించాడో పేరు పేరునా చెబుతారు. ఎన్నోసార్లు విన్నదే, ఎన్నోసార్లు విసుక్కున్నదే. ఆ రోజు ఆ వాగు పేరు వచ్చినప్పుడు నాయిన తలెత్తాడు. ఆ వాగు పక్కనే ఉంది మామ చచ్చిపోయిన పొలం. రాజులట, రాజులు! బువ్వకు లేని రాజులు అని నేను గొణుక్కున్నాను. పక్కనున్న ముసలామె నన్ను తొడ మీద గిల్లింది.

రెండు రోజులకు పోలీసులు పొలం దగ్గరకే వచ్చారు. గూడెమంతా కదిలింది. ఆసామి గట్టు మీద నిలబడ్డాడు, తెల్ల చొక్కా, చేతిలో సెల్లు. మా అత్త అందరికంటే ముందు నిలబడింది. మా అన్న చెబుతాడు అన్న ధీమా ఆమె మొహంలో తెలుస్తూనే ఉంది.

ఎస్సై కాగితాలు చూసి అడిగాడు. "ఈ పొలం ఎవరిది?"

అమ్మ అరిచింది. "సారూ, షెడ్డు తాళంచెవి ఎవని దగ్గరున్నదో అడుగుండ్రి!"

"ఆగమ్మా, నేనడుగుతున్న గదా. దొరా, నువ్వు చెప్పు. పొలం ఎవరిది?"

నాయిన ఆసామి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆసామి సెల్లు చూసుకుంటున్నాడు. నాయిన తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"నాది" అన్నాడు.

"పొలం నీదైతే తీగ కూడా నీదే గదా?"

"అవ్."

"నాయినా, ఎందుకు అబద్ధం చెప్తున్నవ్?" అని పైకే అరిచాను. నాయిన నా వైపు తిరిగి, చాలా మామూలుగా, "అబద్ధం ఏమున్నది బిడ్డా?" అన్నాడు. మా అత్త చేసింది ఒకటే పని. మా అన్న అని చెప్పుకుని నిలబడ్డ చోటు నుంచి వెనక్కి తిరిగి, జనంలోంచి దారి చేసుకుని వెళ్లిపోయింది. పోలీసు జీపు తలుపు తీసి ఒక కానిస్టేబుల్, "ఎక్కు దొరా, జల్దీ" అన్నాడు.

భయపడ్డాడనుకున్నాను. అమ్ముడుపోయాడనుకున్నాను. సబ్ జైలుకు పోయి కలిసినప్పుడు మొహం మీదే అనేశాను. "వాడు చేతులు జోడించి దొరా అనేసరికి పొంగిపోయినవ్. సిగ్గు లేదా నాయినా?" ఆయన ఇనుప జాలీ అవతల నుంచి, "వానలు ఎప్పుడు పడతయంటున్నరు?" అని అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. పిచ్చి పట్టింది మా నాయినకు అనుకున్నాను.

ఆసామి మాట తప్పలేదు. లాయరును పెట్టాడు, బెయిలు ఇప్పించాడు. నాయిన ఇంటికొచ్చిన కొన్నాళ్లకు తొలకరి పడింది. ఆ మర్నాడు నాయిన ఎవరి ఎడ్లనో బదులు తెచ్చి, నాగలి కట్టి, ఆ పొలంలో దిగాడు. దున్నుతుంటే ఆసామి బండి మీద వచ్చాడు. నేను నాయినకు అంబలి పట్టుకుపోయి అక్కడే ఉన్నాను.

"ఏంటి దొరా ఇది? నేను ట్రాక్టరు పంపిస్తున్నాగా. నీకెందుకు శ్రమ?"

నాయిన ఎడ్లను ఆపాడు. "మీకు పని లేదు అయ్యా. జొన్న ఏస్తున్న."

"ఎవరికి వేస్తున్నావు?"

"నాకే. పొలం ఎవరిదని సారు అడిగిండు గదా. మీరు గట్టు మీదనే ఉన్నరు. ఒక్క మాటన్నరా?"

ఆసామికి మొదట నవ్వొచ్చింది. ఆ తర్వాత మొహం మారింది. "నీకు బెయిలు ఇప్పించింది నేనయ్యా!"

"అవ్, మీరే. శిక్ష పడితే పోయేది నేను. మీరు చేసింది మీరు చేసిన్రు, నేను చేసేది నేను చేస్తున్న."

ఆయన ఏం చేయగలడు? పొలం నాదని ఏ ఆఫీసులో చెబుతాడు? చెబితే చట్టం పట్టుకుంటుంది, ఆపైన తీగ కూడా ఆయన మెడకే చుట్టుకుంటుంది. బండి స్టార్టు చేస్తూ, "ఒరేయ్, నిన్ను ఎంత మంచోడనుకున్నానురా!" అన్నాడు. నాకు చటుక్కున నవ్వొచ్చింది. ఇన్నేళ్లూ కూలికి పోయినంత కాలం దొర. సొంత నేలలో నాగలి పట్టిన పూట ఒరేయ్. ఆ రోజు నుంచి ఆయన నోట మా నాయినకు ఆ పిలుపు రాలేదు.

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, నాయిన ఏం కొనుక్కున్నాడో. గర్వంగా అనిపించింది, దాచను. ఆ వానాకాలమంతా డ్యూటీలో రోగులకు ఇంజెక్షన్లు చేస్తూ కూడా మా పొలం, మా పొలం అని లోపల అనుకునేదాన్ని. అమ్మ మాత్రం ఆ పొలం గట్టు ఎక్కలేదు. కేసు వాయిదాల మీద వాయిదాలు పడుతూనే ఉంది.

జొన్న బాగా పండింది. కొత్తల పండుగ వచ్చింది. దేవర్లకు పెట్టనిదే మేం కొత్త గింజ నోట పెట్టం. మా ఇంట్లో ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. ఇంటి ఆడబిడ్డ మొదటి ముద్ద తిన్నాకే మిగతావాళ్లు తినాలి. మా అత్త ఏటా వచ్చి తినేది. ఆ ఏడు రాలేదు. నాయిన చాటలో కొత్త జొన్నలు పోసుకుని, పైన కొత్త చీర పెట్టుకుని చెల్లెలి ఇంటికి బయల్దేరాడు. నేనూ వెంట పోయాను.

అత్త వాకిట్లో కూర్చుని అడ్డాకులు కుడుతోంది. నాయిన చాట ఆమె ముందు దించాడు. ఆమె ఆకు కుట్టడం ఆపలేదు.

"ఎవరి పొలంలయి అన్నా ఇవి?"

నాయిన చీర మడత సర్దాడు.

"చెప్పు. నీదే అయితే, నా పెనిమిటిని సంపింది నువ్వే. నీది కాకపోతే, ఆయన శవం మీద నిలబడి అబద్ధం ఆడి తెచ్చుకున్న గింజలు. రెండిట్ల ఏదో ఒకటి నీ నోటితోటి చెప్పు. చెప్పినంక తింట."

మా నాయిన ఎస్సై ముందు ఒక్క మాటలో చెప్పినవాడు. ఆసామి ముందు నాగలి పట్టుకుని చెప్పినవాడు. చెల్లెలి ముందు ఆయన పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. నేనన్నా ఏదో ఒకటి అందామనుకున్నాను. ఆమె నా భుజం పట్టుకుని ఊదు, ఇంకా ఊదు అన్నది చెవుల్లో మోగి ఆగిపోయాను. కోళ్లు వచ్చి చాటలో పొడవడం మొదలుపెట్టాయి. ముగ్గురిలో ఎవరం అదిలించలేదు. కాసేపటికి నాయిన చీర మాత్రం అరుగు మీద పెట్టి, చాట ఎత్తుకుని లేచాడు.

ఇంటికి వచ్చి జొన్నలన్నీ గుమ్మిలో పోసి మూత పెట్టాడు. ఆడబిడ్డ తినకుండా మేం ఎట్లా తింటాం? అమ్మ రేషను బియ్యం కడిగి ఎసట్లో పోసింది. నాయిన ఆ అన్నం తిని, పార భుజాన వేసుకుని పొలానికి పోయాడు.